కళ్ళకలకల శ్రావణం

ఆషాఢం పుట్టింట్లో గడిపి శ్రావణంలో నేను అత్తవారింటికి తిరిగి వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో ఎవరూ నా మొహం వైపు చూడలేదు. కోపం వల్ల కాదు. ఊరంతా కళ్ళకలకలు వచ్చాయి.

ఎనభైల మొదట్లో మాట ఇది. నేను సామర్లకోట రైల్వే క్వార్టర్లలో పెరిగిన దాన్ని. నాన్న స్టేషన్లో పని చేసేవారు. నాకు వైశాఖంలో పెళ్ళయింది. అత్తవారిది మండపేటకి నాలుగైదు మైళ్ళ దూరంలో, కాలవ గట్టు పక్కన, నూటయాభై గడప కూడా లేని ఊరు. మామయ్యగారు వ్యవసాయం చేయించేవారు. మావారు మండపేటలో ఒక రైసుమిల్లులో గుమస్తా. పొద్దున్నే సైకిలు మీద వెళ్ళి దీపాలు పెట్టే వేళకి వచ్చేవారు. అత్తయ్యగారితో కలిపి ఇంట్లో మేం నలుగురమే. నేనక్కడ నెల్లాళ్ళు ఉన్నానో లేదో ఆషాఢం వచ్చింది, పుట్టింటికి పంపేశారు.

ఆ నెలలోనే సామర్లకోటలో రైలు దిగేవాళ్ళు కళ్ళకి చేతిరుమాళ్ళు అడ్డం పెట్టుకుని దిగడం మొదలైంది. జబ్బు కలకత్తా నుంచి వస్తోందని ఒకరు, మద్రాసు నుంచని ఒకరు అనేవారు. దేశదేశాలూ తిరిగి వచ్చిందని పేపర్లో రాశారని నాన్న చెప్పారు. ప్రాణం మీదికి తెచ్చేది కాదు, కళ్ళు ఎర్రబడి, పుసులు కట్టి, వారంలో దానంతటదే తగ్గిపోతుంది అన్నారు. కానీ జబ్బున్న మనిషి కళ్ళలోకి చూస్తే చాలు, అంటుకుంటుందని అందరూ నమ్మారు. చేతుల వల్లా తువ్వాళ్ళ వల్లా అంటుకుంటుందని డాక్టర్లు ఎంత చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇంకో పది రోజులు ఆపుదామని అమ్మ అంది. పంపే రోజు ముందే అనుకున్నాం, మాట తప్పితే బాగుండదని నాన్న నన్ను తీసుకుని బయలుదేరారు.

మండపేటలో దిగి ఊరి బస్సు ఎక్కాం. లోపల ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి మొహాలు కిటికీల వైపు తిప్పేసుకున్నారు. కండక్టరు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మా వైపు వీపు పెట్టి, చెయ్యి మాత్రం వెనక్కి చాచి టిక్కెట్లు ఇచ్చాడు. మిల్లులు చాలావరకు ఆగిపోయి ఉన్నాయి. ఎప్పుడూ వినపడే ఆ దడదడ లేకపోయేసరికి ఆ రోడ్డు నేనెరిగిన రోడ్డులా లేదు. దారి పొడవునా పొలాల్లో ఊడ్పులు సగంలో ఉన్నాయి. పచ్చటి ముక్క ఒకటి, ఉత్త నీళ్ళ ముక్క ఒకటి. మనుషులు లేరు.

ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. నాన్న పిలిచారు. అత్తయ్యగారు తలుపు తీసి, వెంటనే వెనక్కి తిరిగి గోడ వైపు మొహం పెట్టి నిలబడ్డారు. ఆవిడ వీపు, జుట్టు ముడి మాత్రమే నాకు కనపడ్డాయి.

“అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. మీరు లోపలికి రాకండి. అమ్మాయిని దింపేసి వెళ్ళిపోండి” అన్నారు గోడతో చెబుతున్నట్టు.

నాన్న మంచినీళ్ళు కూడా తాగకుండా అదే బస్సుకి వెనక్కి వెళ్ళిపోయారు. నేను కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళాను. పట్టపగలు ఇల్లంతా చీకటి. వెలుతురు పడితే కళ్ళు మండుతున్నాయని కిటికీలకి దుప్పట్లు కట్టేశారు. వీధి వసారాలో మామయ్యగారు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. రెండు కళ్ళ మీదా తడి నందివర్ధనం పూలు. చేతులు గుండెల మీద. ఆ తెల్లటి పూలు, కదలకుండా ఉన్న ఆ మనిషి, చూసి చేతిలో సంచీ అక్కడే కింద పెట్టేశాను. అప్పుడు ఆయన పెదవులు కదిలి, కోడలు వచ్చిందా అని అడిగారు. వచ్చానండి అన్నాను. మంచిది, ఇటు చూడకమ్మా అన్నారు.

ఆ సాయంత్రం మావారు మిల్లు నుంచి వచ్చారు. నెల తరవాత కలుసుకోవడం. గుమ్మంలో సైకిలు ఆపి, నా కాళ్ళ వైపు చూస్తూ, బాగున్నావా అన్నారు. మిల్లులో సగం మందికి వచ్చింది, నాకూ లోపల ఉందేమో, నువ్వు దూరంగా ఉండు అన్నారు. రెండు రోజులకి ఆయనకీ వచ్చింది. వసారాలో తండ్రి మంచం పక్కన ఇంకో మంచం వేశాం. ఇంకో జత పూలు.

ఆ ఇంటి గురించి కొంచెం చెప్పాలి. అది ఒకప్పుడు పెద్ద పెంకుటిల్లు. మామయ్యగారూ వాళ్ళ అన్నగారూ కలిసి ఉండేవారు. నా పెళ్ళికి పదకొండేళ్ళ ముందు వాటాలు పంచుకుని ఇంటి మధ్యగా గోడ కట్టేశారు. గోడ వీధి గుమ్మం దగ్గర మొదలై, ఇల్లు చీల్చుకుని, పెరట్లో నూతి మీదుగా వెళ్ళి వెనక సందు దాకా ఉండేది. నుయ్యి మాత్రం ఒక్కటే. దాని మీద అడ్డంగా దూలం వేసి గోడ లేపారు. ఇటు మా గిలక, అటు వాళ్ళ గిలక. రెండిళ్ళకీ మాటల్లేవు. వాటాల దగ్గర తేడా వచ్చిందని మావారు ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు.

అవతలింటి పెద్దత్తయ్యగారిని, అంటే మామయ్యగారి వదినగారిని, నేను నూతి నీళ్ళలోనే చూశాను. పెళ్ళయిన కొత్తలో చేద వదులుదామని వంగితే, గోడకి అవతల వంగిన మొహం ఒకటి కింద నీళ్ళలో కనపడేది. సన్నటి మొహం, పెద్ద బొట్టు. ఆ మొహం నా వైపే చూసేది. నా చేద తగలగానే ముక్కలయిపోయేది. పైకి తల ఎత్తితే గోడ తప్ప ఏమీ ఉండేది కాదు.

ఇంట్లో కళ్ళున్నది నా ఒక్కదానికే కాబట్టి పనంతా నా మీద పడింది. వంట, నీళ్ళు, గేదె, పొద్దునా సాయంత్రం కళ్ళు కడగడానికి వేడినీళ్ళు. పూలు కోసి నీళ్ళలో వేసి, ఆరినప్పుడల్లా మార్చేదాన్ని. ఎవరికి ఏం ఇచ్చినా పక్కకి తిరిగి చేతికి అందించడమే. పాలావిడ గుమ్మం బయట వీపు పెట్టి నిలబడి, చెంబు వెనక్కి పట్టుకుని పాలు కొలిచేది. కాంపౌండరు ఆయింటుమెంటు ట్యూబు అరుగు మీద పెట్టి కేక వేసి వెళ్ళిపోయేవాడు. ఎవరు మాట్లాడినా గొంతు ఒక వైపు నుంచి, మొహం ఇంకో వైపు. సంతలో కొన్న నల్లకళ్ళద్దాలు ముసలివాళ్ళూ పిల్లలూ అందరూ పెట్టుకున్నారు. సన్నటి వానలో, ఆ మబ్బు వెలుతురులో, నల్లటి గుంటల్లాంటి కళ్ళతో మనుషులు గోడలు పట్టుకుని నెమ్మదిగా నడిచేవారు. అది నా ఊరు కాదు, ఎవరి మొహాలూ నాకింకా సరిగా తెలియవు. ఇప్పుడు తెలుసుకోవడానికీ లేదు.

మూడో రోజో నాలుగో రోజో, మధ్యాహ్నం అందరికీ గంజి పోసి పెరట్లో అంట్లు తోముతున్నాను. దొడ్డి గుమ్మం తలుపు ఓరగా తెరిచి ఉంది. పొద్దున నేనే గడియ వేశాను. గేదె దూడ తోసిందేమో అనుకుని మళ్ళీ వేశాను. మర్నాడు పొయ్యిలో నిప్పు చూసి వెనక్కి వచ్చేసరికి మళ్ళీ తీసే ఉంది. దొడ్డి తలుపు గడియ బయట సందులో నిలబడి, తలుపు ఖాళీలోంచి చెయ్యి పెట్టి తీయొచ్చని నాకప్పుడు తెలియదు.

ఆ రోజే మా గదిలో ఇంకొకటి చూశాను. ఇంటి మధ్యలో, గోడ వారనే ఒక గది ఉండేది. నడిమి గది అనేవారు. పెళ్ళయ్యాక దాన్ని మా ఇద్దరికీ ఇచ్చారు. ఆ గది తలుపు పక్కన గోడ మీద, నా నడుము ఎత్తున, అరచెయ్యంత మేర సున్నం గీకేసి ఉంది. కింద నేల మీద సున్నప్పొడి. గీకిన చోట పాత పూతలో పెన్సిలు గీతలు కనపడుతున్నాయి, ఒకదాని మీద ఒకటి, నాలుగో అయిదో. మర్నాటికి ఇంకో బెత్తెడు గీకేసి ఉంది. ఇంకో రెండు గీతలు.

వసారాలో మగవాళ్ళిద్దరూ మంచాల మీదే ఉన్నారు. అత్తయ్యగారు వంటింటి గడప పక్కన చాప మీద పడుకుని ఉండేవారు. ఎవరూ లేచిన జాడ లేదు. దొడ్డి తలుపు దానంతటది తెరుచుకుంటోందండీ అని ఆవిడకి చెప్పాను. ఆవిడ అటు ఒత్తిగిల్లారు. తరవాత, “గాలి అయ్యుంటుందిలే” అన్నారు. అని, ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉందని తోచిందేమో, “వానగాలి” అని కలిపారు.

ఆ మర్నాడు నా కళ్ళలో ఇసక పోసినట్టు మొదలైంది. సాయంత్రానికి రెప్పలు వాచిపోయాయి. పొద్దున లేచేసరికి పుసులు కట్టి రెండు కళ్ళూ అతుక్కుపోయాయి. అత్తయ్యగారికి అప్పటికి ఒక కన్ను కాస్త విడుతోంది. ఆవిడే తడుముకుంటూ లేచి గంజి కాచారు. నన్ను నడిమి గదిలో పడుకోమని, నాకోసం పూలు ఆవిడే కోసుకొచ్చి నా కళ్ళ మీద పెట్టారు. పూలు చల్లగా ఉన్నాయి. రెప్పల వెనక ఎర్రగా మొదలై, మెల్లగా నల్లబడిపోయింది.

కళ్ళు పోయాక ఇల్లు ఎంత పెద్దదయిపోయిందో. ప్రతి చప్పుడుకీ కొలత వచ్చింది. వసారాలో మంచం కిర్రుమంటే మావారు పక్కకి ఒత్తిగిల్లారని తెలిసేది. నూతి గిలక మోగితే ఇటుదా అటుదా అని చెవి పెట్టేదాన్ని. ఆ రోజు మధ్యాహ్నం అటు గిలక ఆగింది. కాసేపటికి దొడ్డి గుమ్మం గడియ జరిగిన చప్పుడు వినపడింది. అడుగులు. మెత్తగా, ఒక కాలు కొంచెం ఈడుస్తూ. మట్టెల చప్పుడు. అత్తయ్యగారే నీళ్ళకి వెళ్ళి వస్తున్నారనుకున్నాను. అడుగులు గదిలోకి వచ్చి తలుపు పక్కన ఆగాయి. గోడ మీద ఏదో గీకుతున్న చప్పుడు, చాలా నెమ్మదిగా. తరవాత నా మంచం పట్టె మీద ఎవరో కూర్చున్నారు.

ఒక చెయ్యి నా నుదుటి మీద పడింది. జుట్టు చిక్కులు విడదీయడం మొదలుపెట్టింది. నాకు మొహమాటం వేసింది. “మీకెందుకు శ్రమ అత్తయ్యగారూ” అన్నాను. చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. నా తల ఎత్తి తన తొడ మీద పెట్టుకుని, దువ్వెనతో దువ్వసాగింది. ఏదో మాట్లాడుతోంది, గొణుగుతున్నట్టు. నాతో కాదు. పలక పగలగొట్టుకున్నావేంటి అంటోంది. నాన్నకి చెప్పనులే అంటోంది. ఒక మాట అనడం, జవాబు వింటున్నట్టు ఆగడం, ఊ అనడం.

అప్పుడు వంటింటి వైపు నుంచి అత్తయ్యగారి గొంతు వినపడింది.

“అమ్మాయ్, కళ్ళు కడుక్కున్నావా?”

నా తల ఎవరి ఒళ్ళో ఉందో నాకు తెలియదు. చెయ్యి నా జుట్టు మధ్యలో ఆగి ఉంది. అత్తయ్యగారు మళ్ళీ పిలవలేదు. కొంచెం సేపు అయ్యాక నేను కూడదీసుకుని, ఎవరండీ అన్నాను. ఊపిరి చప్పుడంత మెల్లగా అన్నాను.

“కదలకు. పాపిడి వంకరపోతుంది” అంది ఆ గొంతు.

కదల్లేదు. కదలాలని నాకు తోచలేదు. దువ్వెన పళ్ళు మాడు మీద గీత గీసినట్టు నడుస్తుంటే, భయం ఒక పక్కనుంది, ఇంకో పక్క చిన్నప్పుడు అమ్మ బడికి తయారు చేస్తున్నప్పుడు వచ్చే మగత కూడా వచ్చింది. ఎంతసేపో తెలియదు. ఎప్పుడు లేచి వెళ్ళిందో తెలియదు. చెయ్యి పెట్టి చూసుకుంటే నా జుట్టు రెండు జడలుగా అల్లి, పైకి మడిచి, రిబ్బన్లతో చెవుల పక్కన కట్టి ఉంది. స్కూలు పిల్లలకి కట్టినట్టు.

గోడలు పట్టుకుని వసారాలోకి వెళ్ళి మావారి మంచం పక్కన కూర్చున్నాను. ఏమైందో చెప్పలేక ఆయన చెయ్యి పట్టుకుని నా జడ మీద పెట్టాను. ఆయన మడతని తడిమారు, రిబ్బను ముడిని తడిమారు. చెయ్యి చటుక్కున వెనక్కి లాగేసుకున్నారు. ఏంటండీ అంటే, ఏమీ లేదు, విప్పెయ్యి అన్నారు. మామయ్యగారు పక్క మంచం మీదే ఉన్నారని ఇంకేమీ అడగలేదు. గదిలోకి వచ్చి విప్పేశాను. రిబ్బన్లు దిండు కింద పెట్టాను. పాత రిబ్బన్లు, వేళ్ళకి నూలు పోగుల్లా తగిలాయి.

మర్నాడు పొద్దున వేడినీళ్ళ గుడ్డతో చాలాసేపు అద్దుకుంటే ఎడమ కన్ను గీతంత విడింది. వెలుతురు సూదిలా దిగింది. అయినా మధ్యాహ్నం గిలక ఆగేసరికి పూలు పక్కన పెట్టేసి, కన్ను ఆ గీతంత తెరిచి పడుకున్నాను. గడియ జరిగింది. అడుగులు వచ్చాయి. నీళ్ళలోంచి చూసినట్టే కదులుతూ, మసకగా, ఒక సన్నటి మొహం లోపలికి వచ్చింది. పెద్ద బొట్టు. నూతిలో మొహం. పెద్దత్తయ్యగారు.

ఆవిడ ముందు గోడ దగ్గర కూర్చుని గీతల మీద వేలు పెట్టి కింది నుంచి పైకి జరిపారు. తరవాత ఇటు తిరిగి, నా కన్ను చూసి ఆగిపోయారు. అరుస్తాననుకున్నారేమో. నేను అరవలేదు.

“కనపడుతోందా?” అని అడిగారు.

కొంచెం అన్నాను.

ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. మాట్లాడుతున్నంతసేపూ మొహం నా వైపు తిప్పలేదు. ఇల్లు కలిసి ఉన్నప్పుడు ఆ గదిలో తామే ఉండేవారట. ఒక్కతే ఆడపిల్ల. ఏడేళ్ళది. ఊళ్ళో కలరా వచ్చిన ఏడు, పొద్దున బడికి వెళ్ళి మధ్యాహ్నానికి వాంతులతో ఇంటికొచ్చి, తెల్లారేసరికి ఆ గదిలోనే పోయింది. ఆ గీతలు ఆ పిల్ల ఎదుగుతుంటే ప్రతి పండక్కీ నిలబెట్టి పెట్టినవి. రెండేళ్ళకి వాటాలు వచ్చాయి. చీట్లు వేస్తే నడిమి గది తమ్ముడి వాటాలోకి వెళ్ళింది. ఆ ఒక్క గదీ మాకిచ్చి, దానికి బదులు వంటిల్లూ గాదె కొట్టూ కూడా తీసుకోండని ఆవిడ అడిగారట. కుదరదన్నారు. తరవాత గోడ వచ్చింది.

“మా ఇంట్లో ఆయనకీ కళ్ళు కనపడవు, మీ ఇంట్లో ఎవరికీ కనపడవు. పదకొండేళ్ళలో ఇలాంటి వారం నాకెప్పుడు దొరికింది చెప్పు” అన్నారు.

మరి నిన్న మాట్లాడింది ఎవరితోనండీ అని అడిగాను. అడగకుండా ఉండాల్సిందేమో. ఆవిడ కోపం తెచ్చుకోలేదు.

“ఎవరితోనూ కాదమ్మా. గదితో చెప్పుకున్నాను. నువ్వు అక్కడ పడుకుని ఉన్నావు, మొహం మీద పూలు పెట్టుకుని. చెయ్యి ఊరుకోలేదు.”

ఆ గదిలోనే నేనూ మావారూ పెళ్ళయిన కొత్తలో నెల్లాళ్ళు పడుకున్నాం. ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. నా వీపు కింద మంచం నులక ఒక్కసారి మంచులా అనిపించింది. కానీ నేల మీద కూర్చున్న మనిషిని చూస్తే భయపడటానికి ఏమీ లేదు. నలభై అయిదేళ్ళ ఆడమనిషి, నీళ్ళకి నాని తెల్లబడిన పాదాలు, చేతిలో పళ్ళు విరిగిన దువ్వెన.

వెళ్ళబోతూ, చెబుతావా అని అడిగారు. చెప్పనన్నాను. ఇంకో రెండు రోజులు వస్తానన్నారు. నేను మళ్ళీ పూలు తీసి కళ్ళ మీద పెట్టుకున్నాను.

ఆ రెండు రోజులూ నాకు కళ్ళు విడుతున్నా విడనట్టే పడుకున్నాను. ఆవిడ వచ్చేవారు, గోడ దగ్గర కూర్చునేవారు, నా తల ఒళ్ళో పెట్టుకుని రెండు జడలు వేసేవారు. మళ్ళీ అవే మాటలు. పలక, బడి, వానలో తడిసిన పరికిణీ. ఆవిడ జవాబు కోసం ఆగినప్పుడు ఆ ఖాళీ ఎంత బరువుగా ఉండేదంటే, ఒకసారి నాకు తెలియకుండానే నేను ఊ కొట్టాను. ఆవిడ దువ్వెన పక్కన పెట్టేశారు. నాకైతే ఆ ఊ నా గొంతులోంచి వచ్చినట్టే లేదు. ఆవిడ జడ పూర్తి చేసి, రిబ్బను కట్టి, లేచి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నేను జడలు విప్పే లోపు అత్తయ్యగారు గదిలోకి వచ్చారు. కిటికీకి కట్టిన దుప్పటి తీసేశారు. ఆవిడ కళ్ళు రెండూ బాగా విడ్డాయి, అంచులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నేను ఆ ఇంటికి తిరిగి వచ్చాక ఆవిడ నా మొహం చూడటం అదే మొదటిసారి. ముందు నా మొహం చూశారు. తరవాత జడలు చూశారు. తరవాత గోడ మీద గీతలు. అప్పటికి అవి పైనుంచి కింద దాకా అన్నీ బయటపడి ఉన్నాయి.

నేను లేచి నిలబడ్డాను. ఆవిడ తలుపు దగ్గరగా వేసి, మంచం మీద కూర్చున్నారు.

“నాకు మొదటి రోజే తెలుసు. అక్క ఎడం కాలు ఈడుస్తుంది. ఆ అడుగు పన్నెండేళ్ళు ఒకే వంటింట్లో విన్నాను” అన్నారు.

మరి ఎందుకు ఊరుకున్నారండీ అని అడిగాను.

“కళ్ళు తెరిస్తే ఎందుకొచ్చావని అడగాలి. మూసుకుంటే అడగక్కర్లేదు.”

మళ్ళీ ఆవిడే చెప్పారు. గది ఇవ్వననలేదట మామయ్యగారు మొదట. కాలవ పక్క పొలం అన్నగారు తీసుకున్నాడన్న ఉక్రోషం ఉన్నా, గది ఇచ్చేద్దామనే అన్నారట. ఈవిడే పడనివ్వలేదు. ఇల్లు నడిమికి తెగితే లక్షణంగా ఉండదు, నా కొడుక్కి పెళ్ళయితే గది ఎక్కడుంది అని పట్టుబట్టారు. చెబుతూ ఏడవలేదు. కళ్ళు మాత్రం కారుతున్నాయి, అవి ఆ జబ్బువో ఏమో. జడలు విప్పనా అని అడిగాను. ఉండనీ, రేపు తలంటుకుంటావుగా అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దత్తయ్యగారు రాలేదు. ఆ తరవాత రోజు అటు గిలక కూడా మోగలేదు. మా ఇంట్లో అందరికీ తగ్గుముఖం పట్టింది. మావారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మిల్లుకి వెళ్ళారు. మామయ్యగారు గొడుగు వేసుకుని పొలం గట్టు దాకా వెళ్ళి వస్తానన్నారు. ఆయన వీధి మలుపు తిరిగే దాకా అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి చూశారు.

“నీ దగ్గర్నుంచి ఆవిడకి అంటుకునుంటుంది” అన్నారు నాతో.

వేడినీళ్ళ చెంబు, ఉతికిన గుడ్డ, గిన్నెలో గంజి పట్టుకుని దొడ్డి గుమ్మం వైపు వెళ్ళారు. నేను వస్తానంటే వద్దన్నారు. సందులో వాళ్ళ దొడ్డి తలుపు చప్పుడయింది. నేను నూతి దగ్గర నిలబడ్డాను. గోడ అవతల నుంచి మొదట ఏమీ వినపడలేదు. తరవాత, ఎవరది అన్న పెద్దత్తయ్యగారి గొంతు వినపడింది. అంతకుమించి నాకేమీ తెలియదు. వాళ్ళిద్దరూ ఏమనుకున్నారో అత్తయ్యగారు ఎప్పుడూ చెప్పలేదు. గంట తరవాత ఖాళీ గిన్నెతో వచ్చి, పైట చెంగు పిండుకుని ఆరేసుకున్నారు. పుసులు బాగా కట్టాయి, రేపు పూలు కూడా తీసుకెళ్ళాలి అన్నారు.

అలా నాలుగు రోజులు వెళ్ళారు. అయిదో రోజు నుంచి అటు గిలక మళ్ళీ మోగింది. అత్తయ్యగారు వెళ్ళడం మానేశారు. పెద్దత్తయ్యగారు కూడా ఇటు రాలేదు. నడిమి గదిలోంచి మా మంచం వీధి గదిలోకి మార్పించారు. ఏంటమ్మా ఇది అని మావారు అడిగితే, అక్కడ గాలి రాదు అని మాత్రం అన్నారు. సంక్రాంతికి ఇంటికి సున్నాలు వేసినప్పుడు ఆ గది ఒక్కటీ వేయించలేదు.

అంతకు ముందు, భాద్రపదంలోనే అనుకుంటాను, ఒక సాయంత్రం మామయ్యగారు భోజనానికి కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను, అత్తయ్యగారు పక్కన విసురుతున్నారు. సగం భోజనం అయ్యాక ఆయన ముద్ద కలుపుతూ, తల ఎత్తకుండా అడిగారు.

“పక్కింట్లో వాళ్ళకి కూడా వచ్చాయా, ఆ కళ్ళకలకలు?”

నేను ఆ ఇంటికి వచ్చాక ఆయన నోట ఆ ఇంటి మాట రావడం అదే మొదలు. అత్తయ్యగారి చేతిలో విసనకర్ర ఆగలేదు.

“వచ్చాయి. ఇద్దరికీ తగ్గిపోయాయి” అన్నారు.

నీకెలా తెలుసని ఆయన అడగలేదు. తరవాత నా వైపు విస్తరి కొంచెం జరిపి, మజ్జిగ పొయ్యమ్మా అన్నారు.